కారు మోడళ్లు కట్టేవారికి కొనుగోలు మార్గదర్శి: కిట్, రంగులు, పనిముట్లు

స్కేల్ మోడల్ కార్లు కట్టడం మొదలుపెట్టేవారు ఎక్కువగా అడిగేది ఒకటే: ‘ముందు ఏ పనిముట్లు కొనాలి?’ చిక్కంతా ఆ ‘ముందు’లోనే ఉంది. పనిముట్లతో మొదలుపెడితే వాటిలో సగం కవరు విప్పకుండానే పడి ఉంటాయి. రంగులతో మొదలుపెడితే అక్కరలేనివి అరడజను పోగవుతాయి, కావలసిన ఒక్కటీ ఉండదు. సరైన వరుస ఇది: ముందు కిట్, దాని సూచనల పత్రం చూసి రంగులు, ఆ రంగులు వేసే పద్ధతిని బట్టి పనిముట్లు.

ఇంకో మాట. ట్యాంకు మోడల్ మీద బురద, తుప్పు, మసి పూస్తే చిన్న చిన్న లోపాలు కనపడకుండా పోతాయి. కారు బాడీకి ఆ వెసులుబాటు లేదు. నిగనిగలాడే రంగు కింద వెంట్రుకవాసి గీత కూడా బయటపడుతుంది. కాబట్టి కొనే ప్రతి వస్తువునూ ‘ఇది బాడీ రంగుకు పనికొస్తుందా?’ అన్న ప్రశ్నతోనే తూచాలి.

1. స్కేల్ తేల్చుకోవడం

స్కేల్ అంటే అసలు కారులో మోడల్ ఎన్నో వంతు అన్న లెక్క. కారు మోడళ్లలో ఎక్కువగా దొరికేవి 1/24, 1/25. తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి వంటి జపాన్ కంపెనీలు 1/24లో, ఏఎంటీ, ఎంపీసీ వంటి అమెరికన్ పేర్లు ఎక్కువగా 1/25లో తయారుచేస్తాయి. 4.8 మీటర్ల కారు 1/24లో 20 సెంటీమీటర్లు, 1/25లో 19.2 సెంటీమీటర్లు ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వరుసగా పేర్చుకునే ఆలోచన ఉంటే ఏదో ఒకదానికి కట్టుబడడం మంచిది. చక్రాలు, సీటు బెల్టుల వంటి విడి సామాను కొనేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుండాలి.

ఫార్ములా వన్ కార్లు 1/20లో ఎక్కువ. 1/12 కిట్లు చూడగానే ఆశపెడతాయి, కానీ మొదటి కిట్‌గా వద్దు: భాగాలు ఎక్కువ, రంగు వేయవలసిన వైశాల్యం ఎక్కువ, పొరపాటు జరిగితే నష్టమూ ఎక్కువే.

2. పెట్టె మీద బొమ్మ కాదు, లోపలి అచ్చు ముఖ్యం

ఒకే అచ్చుతో పోసిన భాగాలను కంపెనీలు దశాబ్దాల పాటు కొత్త పెట్టెల్లో, కొత్త డెకాళ్లతో (నీటిలో తడిపి అంటించే సన్నని బొమ్మలు) అమ్ముతూనే ఉంటాయి. పెట్టె మీద ముద్రించిన సంవత్సరం చూసి కిట్ కొత్తదనుకోకూడదు. స్కేల్‌మేట్స్ అనే వెబ్‌సైటులో కిట్ పేరు వెతికితే ఆ అచ్చు మొదట ఎప్పుడు వచ్చింది, తరువాత ఏయే పెట్టెల్లో తిరిగింది అన్న క్రమం కనిపిస్తుంది. కొనే ముందు ఆ అయిదు నిమిషాలు వెచ్చించండి. పాత అచ్చు అనగానే పారేయవలసిన పని లేదు. కానీ అరిగిన అచ్చులో అంచుల వెంట పలుచని ప్లాస్టిక్ రెక్కలు ఎక్కువగా వస్తాయి, భాగాలు ఒకదానికొకటి సరిగా అతకవు. అనుభవం వచ్చాక వాటితో కుస్తీ పట్టవచ్చు.

ఇంజన్ ఉన్న కిట్టా, లేనిదా అన్నది రెండో ప్రశ్న. ఇంజన్ లేకుండా బానెట్ మూసి ఉండే వాటిని కర్బ్‌సైడ్ కిట్లు అంటారు. మొదటి రెండు మూడు కిట్లు ఇవే అయితే మంచిది. తెరిచే బానెట్ అంటే రంగు పొర మందం కూడా లెక్కలోకి వస్తుంది. పొడిగా పెట్టినప్పుడు చక్కగా కూర్చున్న బానెట్ నాలుగు పొరల రంగు పడ్డాక బిగుసుకుంటుంది.

మూడోది బాడీ ప్లాస్టిక్ రంగు. దీన్ని చాలామంది చూడరు. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన బాడీకి తెలుపు వేస్తే, అడుగున ఉన్న ఎరుపు పైకి ఊరి బాడీ గులాబీ రంగులోకి తిరగవచ్చు. తెల్ల కారు చేయాలంటే తెల్ల ప్లాస్టిక్ బాడీ ఉన్న కిట్ కొనడం అన్నిటికన్నా సులువు. తప్పనప్పుడు ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే అడుగు పూత) మీద వెండి రంగు పొర ఒకటి వేసి, అది ఆరాక తెలుపుకు వెళ్లాలి.

కొనే ముందు చూసుకోవలసినవి:

☐ లోపలి భాగాల ఫోటోలు చూశాను (పెట్టె బొమ్మ ఒక్కటే కాదు)
☐ అచ్చు వయసు తెలుసు
☐ బాడీ ఒకే ముక్కగా ఉందా, అతకాలా అన్నది తెలుసు
☐ బాడీ ప్లాస్టిక్ రంగు, నేను వేయబోయే రంగు కలుస్తాయి
☐ పాత కిట్ అయితే డెకాళ్లు పసుపెక్కలేదు
☐ ‘ట్రాన్స్‌కిట్’ అని ఉంటే, అది పూర్తి కిట్ కాదని, మూల కిట్ విడిగా కొనాలని తెలుసు

3. పెట్టె తెరిచాక మొదటి గంట

ఏ భాగాన్నీ కత్తిరించకండి. సూచనల పత్రంలోని భాగాల పటం తీసి, స్ప్రూ చట్రాలను (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) ఒక్కొక్కటిగా సరిచూడండి. అద్దాల చట్రం మీద గీతలున్నాయా, విండ్‌షీల్డ్ స్తంభాలు వంగాయా, మెరుపు (క్రోమ్) పూత భాగాలు గీసుకుపోయాయా అన్నవి చూడాలి. లోపం ఉంటే వెనక్కి పంపడానికి అనువైన సమయం ఇదే. ఒక్క భాగం కోసినా ఆ అవకాశం పోతుంది.

తరువాత టైర్లను విడిగా సంచిలో పెట్టండి. మెత్తని వినైల్ టైర్లలోని నూనె వంటి పదార్థం కిట్ భాగాల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను మెల్లగా కరిగిస్తుంది. పాత కిట్లలో టైరు ఆనిన అద్దం మీద టైరు గాళ్ల ముద్ర దిగి కనిపించడం మామూలే.

ఆ పైన భాగాలను గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి, గాలికి ఆరనివ్వండి. అచ్చు నుంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు పోకపోతే రంగు పట్టదు. రెజిన్ కిట్లకు ఇది మరీ ముఖ్యం.

ఇక సూచనల పత్రంలోని రంగుల పట్టీని కాగితం మీదకు ఎక్కించండి. అసలు కొనుగోలు ఇక్కడ మొదలవుతుంది.

4. రంగుల కుటుంబాలు, వాటి మధ్య సఖ్యత

సీసాలు ఎన్ని పేర్లతో వచ్చినా, మనకు కావలసినవి మూడు కుటుంబాలు.

లక్కర్: మిస్టర్ కలర్, తమియా ఎల్‌పీ సీసాలు, తమియా టీఎస్ స్ప్రే డబ్బాలు. త్వరగా ఆరుతుంది, గట్టిగా పట్టుకుంటుంది, పాలిష్‌కు బాగా లొంగుతుంది. వాసన ఘాటు. బాడీకి నా ఓటు దీనికే.

అక్రిలిక్: తమియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాలు, వయ్యేహో (Vallejo), అక్వియస్ హాబీ కలర్. లోపలి భాగాలు, సీట్లు, ఇంజన్ వంటి వాటికి. వయ్యేహో కుంచెతో హాయిగా పడుతుంది. తమియా ఎక్స్, ఎక్స్‌ఎఫ్ రంగులను కుంచెతో వేస్తే రెండో పొర మొదటి పొరను లేపేస్తుంది. వాటి అసలు చోటు ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం).

ఎనామిల్: హంబ్రోల్ డబ్బాలు, తమియా ఎనామిల్. నిదానంగా ఆరుతుంది. చిన్న భాగాలకు, గీతల్లోకి నల్లరంగు దింపడానికి బాగుంటుంది.

వీటిని ఒకదాని మీద ఒకటి వేసే క్రమం గుర్తుంచుకోండి: అడుగున లక్కర్, దాని మీద అక్రిలిక్, అన్నిటికీ పైన ఎనామిల్. తిరగేసి ఎనామిల్ మీద లక్కర్ కొడితే కింది పొర ముడతలు పడి పగిలిపోతుంది. దానికి మందు లేదు, రంగంతా తీసేయవలసిందే.

రంగును పలుచన చేసే థిన్నర్ దగ్గర పొరపాట్లు ఇంకా ఎక్కువ. తమియా ఎక్స్-20 ఎనామిల్ థిన్నర్. ఎక్స్-20ఏ అక్రిలిక్ థిన్నర్. సీసాలు చూడడానికి ఒకేలా ఉంటాయి, చివరి ఒక్క అక్షరమే తేడా. తొందరలో తప్పు సీసా బుట్టలో పడుతుంది, ఇంటికొచ్చాక రంగు పెరుగులా విరిగాక తెలుస్తుంది. అలాగే వయ్యేహోలో ఆల్కహాల్ గానీ లక్కర్ థిన్నర్ గానీ కలిపితే జిగట ముద్దవుతుంది. దానికి దాని సొంత థిన్నరే వాడాలి. నియమం సులువు: రంగు, థిన్నర్ ఒకే కంపెనీవి, ఒకే వరుసవి కొనండి.

తమియా స్ప్రే డబ్బాల్లో టీఎస్, పీఎస్ అని రెండు వరుసలు ఒకే అరలో కనిపిస్తాయి. టీఎస్ మన పాలిస్టైరీన్ కిట్లకు. పీఎస్ రిమోట్ కార్ల పాలికార్బొనేట్ బాడీలకు. దాన్ని కిట్ బాడీ మీద కొట్టకూడదు.

మొదటి కారుకు కొనవలసిన రంగులు:

☐ ప్రైమర్ డబ్బా 1
☐ బాడీ రంగు డబ్బా 1 (100 మిల్లీలీటర్ల టీఎస్ డబ్బా 1/24 బాడీకి సాధారణంగా సరిపోతుంది)
☐ నిగనిగ క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) డబ్బా 1
☐ సెమీ గ్లాస్ (సగం మెరుపు) నలుపు: ఛాసిస్ (కారు అడుగు చట్రం), లోపలి భాగాలు, కిటికీ అంచులు అన్నిటికీ
☐ మాట్ (మెరుపు లేని) నలుపు, వెండి, గన్‌మెటల్ (ముదురు లోహపు బూడిద రంగు)
☐ పారదర్శక ఎరుపు, పారదర్శక నారింజ: వెనుక దీపాలు, ఇండికేటర్లు
☐ ప్రతి కుటుంబానికీ దాని థిన్నర్

పెద్ద రంగుల సెట్టు కొనకండి. సెట్లో పన్నెండు ఉంటే మీ కారుకు కావలసినవి నాలుగు దొరకవచ్చు, మిగిలినవి మూత కింద గడ్డకడతాయి.

5. పనిముట్లు: దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి వద్దు

అన్నిటికన్నా ముందు ఖర్చు పెట్టవలసినది నిప్పర్ (భాగాలను చట్రం నుంచి కోసే కట్టర్) మీద. ఒక వైపు చదునుగా ఉండే, ప్లాస్టిక్ కోసమే చేసిన పదునైన నిప్పర్ కొనండి. తీగలు కోసే కట్టర్ ప్లాస్టిక్‌ను కోయదు, నలుపుతుంది. నలిగిన చోట ఏర్పడిన తెల్లమచ్చ లోపలిదాకా దిగుతుంది, ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా పోదు. మంచి నిప్పర్‌తో ఇత్తడి తీగ కోస్తే దాని ఆయువు అక్కడితో సరి.

కోయడం కూడా రెండు దఫాలు. మొదటిసారి భాగానికి దూరంగా, స్ప్రూ వైపు కోసి భాగాన్ని విడదీయండి. రెండోసారి మిగిలిన మొలకను సగం మిల్లీమీటరు వదిలి కోయండి. ఆ మిగిలింది బ్లేడుతో, చివరికి ఉప్పుకాగితంతో సాపు చేయాలి.

మిగిలిన పనిముట్ల జాబితా చిన్నదే:

☐ హాబీ కత్తి, 11వ నంబరు బ్లేడ్ల పొట్లం (మొండి బ్లేడు జారి వేలిని కోస్తుంది, తరచు మార్చండి)
☐ కటింగ్ మ్యాట్
☐ ఉప్పుకాగితం: 400, 600, 1000, 1500, 2000, ఆ పై నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు)
☐ సన్నమొన పట్టకారు ఒకటి, వంపుమొనది ఒకటి
☐ చేతి డ్రిల్, 0.5 నుంచి 1 మిల్లీమీటరు బిట్లు
☐ మాస్కింగ్ టేప్: 6, 10, 18 మిల్లీమీటర్లు
☐ భాగాలు పట్టి ఉంచే క్లిప్పు పుల్లలు

ఉప్పుకాగితం విషయంలో పిసినారితనం వద్దు. అరిగిన కాగితంతో గట్టిగా నొక్కి రుద్దితే లోతైన గీతలు పడతాయి. అటు లేజర్ చెక్కుడు పరికరాలు, రకరకాల ఆకురాళ్ల సెట్లు, అల్ట్రాసోనిక్ కడుగుడు యంత్రాలు మాత్రం అయిదారు కార్లు కట్టేదాకా అక్కరలేదు.

జిగుర్లు మూడు కావాలి. తమియా ఎక్స్‌ట్రా థిన్ వంటి పలుచని సిమెంట్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు) ముఖ్యమైనది. రెండు భాగాలను ముందు కలిపి పట్టుకుని, అతుకు అంచున కుంచె మొన తాకిస్తే చాలు, అదే సందులోకి పాకిపోతుంది. వేలు ఆ అతుకు మీద ఉంటే వేలి కిందికీ పాకి, ముద్ర శాశ్వతంగా దిగుతుంది. అలా జరిగితే వెంటనే తుడవకండి. పూర్తిగా ఆరనిచ్చి సాపు చేయండి. రెండోది సూపర్ గ్లూ, లోహ భాగాలకూ రెజిన్‌కూ. దాన్ని అద్దాల దరికి రానివ్వకండి, దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. అద్దాలకు మూడోది: ఆరాక పారదర్శకంగా మారే పీవీఏ తెల్ల జిగురు.

మెరుపు పూత భాగాలకు సిమెంట్ పట్టదు. అతికే చోట పూతను బ్లేడుతో గీకి ప్లాస్టిక్ బయటపెట్టాలి.

6. స్ప్రే డబ్బాయా, ఎయిర్‌బ్రషా?

మొదటి రెండు మూడు కార్లకు స్ప్రే డబ్బా చాలు. దాంతోనే మంచి మెరుపు తీసుకురావచ్చు. ఎయిర్‌బ్రష్ కొనాలనుకుంటే 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో, ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డబుల్ యాక్షన్ రకం తీసుకోండి. కంప్రెసర్‌కు గాలి ట్యాంకు, తేమను ఆపే ట్రాప్ ఉండాలి. ట్యాంకు లేకపోతే గాలి దఫదఫాలుగా కొట్టే ప్రమాదం ఉంది, ట్రాప్ లేకపోతే నీటిచుక్క సరిగ్గా బానెట్ మధ్యలో పడుతుంది. రంగును పాలంత పలుచన చేసి, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడితో మొదలుపెట్టండి.

రెండింటిలో ఏది వాడినా, ముఖానికి రెస్పిరేటర్ తప్పదు. దుమ్మును ఆపే మామూలు మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపదు. సేంద్రియ ఆవిరులను పట్టే కార్ట్రిడ్జ్ ఉన్నదే కొనండి, గాలి బయటికి పోయే చోట, నిప్పుకు దూరంగా పని చేయండి. నిప్పర్ తరువాత నేను రాజీపడని రెండో ఖర్చు ఇదే.

7. బాడీ రంగు వేసే వరుస

1. అచ్చు గీతలు తీయండి. బాడీని దీపం కింద ఏటవాలుగా తిప్పితే ఫెండర్ల పైన, పైకప్పు స్తంభాల వెంట, బంపర్ మూలల్లో సన్నని గట్టు కనిపిస్తుంది. కంటికి ఆనకపోతే గోరుతో అడ్డంగా గీయండి, తగులుతుంది. 600తో తీసి 1000తో సాపు చేయండి.

2. తలుపు, బానెట్ సందులను లోతు చేయండి. బ్లేడు వీపుతో తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగితే చాలు. ఈ పని రంగుకు ముందే కావాలి. ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ పడ్డాక ఆ గాళ్లు సగం పూడిపోతాయి.

3. బాడీని ఛాసిస్ మీద, అద్దాలను బాడీలో పొడిగా పెట్టి చూడండి. పట్టని చోటు ఇప్పుడే అరగదీయండి.

4. ప్రైమర్ వేయండి. ఎరుపు, పసుపు రంగుల కింద తెలుపు లేదా గులాబీ ప్రైమర్, వెండి వంటి లోహపు రంగుల కింద బూడిద రంగు. ప్రైమర్ పడగానే, అప్పటిదాకా కనపడని గీతలన్నీ బయటికొస్తాయి. విసుక్కోకండి, ప్రైమర్ వేసేది అందుకే. సరిచేసి మళ్లీ పలుచగా వేయండి.

5. స్ప్రే డబ్బాను 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కొన్ని నిమిషాలు ఉంచి, బాగా ఊపండి. రంగు సన్నని తుంపరగా వస్తుంది. మరిగే నీళ్లలో గానీ పొయ్యి దగ్గర గానీ పెట్టకూడదు, డబ్బా పేలుతుంది.

6. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ అంచుకు ఇవతలే నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలండి. ముందు రెండు పలుచని మంచు పొరలు, అవి అంటుకున్నాక ఒక తడి పొర. తడి పొరలో దీపం ప్రతిబింబం పగలకుండా కనిపించాలి. అక్కడ ఆపేయండి. ‘ఇంకొక్కసారి’ అనుకున్నదే కారుతుంది.

7. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. ద్రావకం వాసన వస్తుంటే లోపల ఇంకా ఆరలేదు. అప్పటిదాకా టేపు అంటించవద్దు, పాలిష్ పట్టవద్దు.

8. డెకాళ్లు అంటించండి. డెకాళ్లను మెత్తబరిచి అతికించే ద్రవాలు రెండు: మైక్రో సెట్ అడుగున, మైక్రో సోల్ పైన. సోల్ వేయగానే డెకాల్ ముడుచుకుంటుంది. ముట్టుకోకుండా వదిలేస్తే అదే సర్దుకుని వంపుల్లో కూర్చుంటుంది.

9. క్లియర్ వేయండి. తమియా టీఎస్-13 వంటి ఘాటైన లక్కర్ క్లియర్‌ను ఒకేసారి తడిగా కొడితే డెకాళ్లు కరుగుతాయి. మూడు నాలుగు పొడి తుంపర పొరలు వేసి, ఒక్కోటి ఆరాకే తడి పొరకు వెళ్లాలి. కిట్‌లో మిగిలిన అక్కరలేని డెకాల్‌ను ప్లాస్టిక్ చెంచా మీద అంటించి ముందు పరీక్షించండి.

10. క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక నీళ్లలో తడిపిన 2000, 3000 కాగితాలతో సమం చేసి, తమియా పాలిషింగ్ కాంపౌండ్లు కోర్స్, ఫైన్, ఫినిష్ వరుసలో వాడండి. బానెట్ అంచులు, ఫెండర్ల గట్లు, తలుపుల సందుల దగ్గర చేయి తేలిక చేయండి. అక్కడ రంగు పలుచగా ఉంటుంది, రెండు రుద్దులకే ప్రైమర్ తేలుతుంది. ఆ గట్ల మీద సన్నగా టేపు అంటించి పని చేస్తే నిశ్చింత.

8. చెడితే ఏం చేయాలి

*నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది:* రంగు దూరం నుంచి, పొడిగా పడింది. ఆరాక 2000తో సమం చేసి, తడి పొర లేదా క్లియర్ వేయండి.

*రంగు కారింది:* తడిమీద వేలు పెట్టకండి. కొన్ని రోజులు ఆరనిచ్చి, గట్టి చెక్క ముక్కకు 1000 కాగితం చుట్టి కారిన చోటు మాత్రమే సాపు చేసి, మళ్లీ కొట్టండి.

*తెల్లటి మబ్బు పట్టింది:* గాలిలో తేమ ఎక్కువ. వాన రోజు లక్కర్ వేయకపోవడమే మందు. అయిపోయిందా, పొడి వాతావరణంలో అదే రంగు లేదా క్లియర్ పలుచగా కొడితే చాలాసార్లు మబ్బు కరిగిపోతుంది.

*చిన్న చిన్న గుంటలుగా రంగు విడిపోయింది:* జిడ్డు. వేలి నూనె కావచ్చు, సిలికోన్ కావచ్చు. ఆరాక సాపు చేసి, సబ్బునీళ్లతో కడిగి, చేతి తొడుగులతో పట్టుకుని మళ్లీ వేయండి.

*టేపుతో పాటు రంగు లేచివచ్చింది:* ప్రైమర్ లేదు, లేదా కింది పొర ఆరలేదు. టేపును ముందు మ్యాట్ మీద ఒకసారి అంటించి జిగురు తగ్గించండి. తీసేటప్పుడు దాని మీదికే మడిచి మెల్లగా లాగండి.

*టేపు అంచు కిందికి రంగు పాకింది:* టేపు అంచును పుల్లతో నొక్కాక, కింద ఉన్న రంగునే లేదా క్లియర్‌ను ఒక పలుచని పొరగా ముందు కొట్టండి. సందులు దాంతో మూసుకుపోతాయి, పైన వేసే రంగుకు దారి ఉండదు.

*అద్దం మీద సూపర్ గ్లూ పొగ:* తేలికగా ఉంటే ఫినిష్ కాంపౌండ్‌తో పోతుంది. ఎక్కువగా ఉంటే 2000 నుంచి పైకి రుద్ది, పాలిష్ పట్టి, అద్దాన్ని నిగనిగ అక్రిలిక్ క్లియర్‌లో ఒకసారి ముంచి, అంచున చేరిన చుక్కను కాగితపు మొనతో పీల్చి, దుమ్ము పడకుండా మూత కింద ఆరనివ్వండి.